పన్ను తగ్గించమని అడిగేవాళ్లు ఖర్చు తగ్గించమని ఎందుకు అడగరు?

#1 | ఆదాయవ్యయం

పక్క చర్చలో పన్నుల మీద నాలుగు పేజీల గొడవ నడిచింది, అక్కడ పక్కదారి పడుతోందని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను. నా మాట ఒక్కటే. పన్ను ఎక్కువైందని అందరూ ఏడుస్తారు, ఖర్చు ఎక్కువైందని మాత్రం ఎవరూ నోరెత్తరు. ప్రభుత్వం వంద ఖర్చు పెట్టాలని నిర్ణయించిన రోజే ఆ వంద మన జేబులోంచి పోయినట్టు. దాన్ని ఇవాళ పన్నుగా వసూలు చేస్తుందా, అప్పు చేసి రేపు వడ్డీతో కలిపి వసూలు చేస్తుందా, నోట్లు అచ్చేసి ధరల రూపంలో లాగుతుందా అన్నది తర్వాతి సంగతి. ఏ దారిలో పోయినా కట్టేది మనమే. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఏళ్ల తరబడి మొత్తుకున్నది ఇదే, అసలు పన్ను అంటే ప్రభుత్వం పెట్టే ఖర్చే అని.

అందుకే "పన్ను తగ్గించండి, పథకాలన్నీ అలాగే ఉంచండి" అనేవాళ్లని నేను పొదుపు పక్షంలో కలపను. అది అప్పు చేసి పప్పు కూడు. అమెరికాలో రీగన్ అధ్యక్షుడిగా వచ్చినప్పుడు ఆదాయపు పన్ను పై శ్లాబు 70 శాతం, ఆయన దిగేసరికి 28 శాతం. చప్పట్లు కొట్టారు. ఖర్చు మాత్రం ఆగలేదు, ఆ ఎనిమిదేళ్లలో అక్కడి కేంద్ర ప్రభుత్వ అప్పు దాదాపు మూడింతలైంది. పన్ను తగ్గినట్టా, వాయిదా పడినట్టా? ఆ అలవాటు ఎక్కడిదాకా వచ్చిందంటే 2024 ఆర్థిక సంవత్సరంలో అక్కడ కట్టిన నికర వడ్డీ సైన్యం మీద పెట్టిన ఖర్చుని దాటేసింది. వడ్డీ కడితే కొత్తగా ఒక్క బడి రాదు, ఒక్క వంతెన రాదు, ఎప్పుడో తిన్నదానికి ఇప్పుడు బిల్లు.

పన్ను ఎంత అనే ముందు ఖర్చు ఎంత దాటకూడదో ఒక గీత గీయాలి, దాన్ని మంచి రోజుల్లోనే గీయాలి. తిట్టేవాళ్లు తిట్టండి, కాకపోతే లెక్కలతో తిట్టండి.

#2 | చివరిబెంచీ

అక్కడ నాలుగు పేజీలు చదివి కళ్లు పోయాయి, ఇక్కడ ఇంకో నాలుగా. సరే కానివ్వండి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

#3 | పాతగుమస్తా

కుర్చీ అన్నారు కాబట్టి నా కుర్చీల కథ చెప్పాల్సిందే. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ సెక్షన్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, ఏ ఆఫీసో అడక్కండి. ఆర్థిక సంవత్సరం ఆఖరి పది రోజులు మా సెక్షన్ పెళ్లివారిల్లులా ఉండేది. పై ఆఫీసు నుంచి రోజుకి మూడుసార్లు ఫోను, "మీ హెడ్డులో ఇంకా ఎంత మిగిలింది?" అని. హెడ్డు అంటే ఒక్కో రకం ఖర్చుకి విడిగా కేటాయించిన పద్దు. మిగలడం మంచిదే కదా అనుకుంటారు బయటివాళ్లు. మిగిలితే ఆ డబ్బు వెనక్కి పోతుంది, అక్కడితో ఆగదు, "పోయినేడు ఖర్చు పెట్టలేకపోయారు కదా" అని వచ్చే ఏడాది కేటాయింపులో కోత పడుతుంది. పొదుపు చేసిన ఆఫీసరుకి అక్షింతలు, ఖజానా ఊడ్చిన ఆఫీసరుకి మెప్పు.

ఒక ఏడాది అలా మిగిలిన డబ్బుతో కుర్చీలు కొన్నాం. సెక్షన్లో మేం 12 మందిమి, వచ్చినవి 30 కుర్చీలు. చక్రాలవి, నల్ల రెగ్జిన్, సీటుకీ చేతులకీ కూడా ప్లాస్టిక్ కవర్లు చుట్టి పంపారు. మా పాత కుర్చీలు లక్షణంగా ఉన్నాయి, వాటిని తీసేయాలంటే పనికిరావని రాసివ్వడానికి మళ్లీ ఒక కమిటీ వేయాలి, అదో రామాయణం. అందుకని కొత్తవాటిని స్టోర్‌రూమ్‌లో ఇరికించి తాళం వేశాం. స్టాకు రిజిస్టరులో ఎక్కించింది నేనే. ఆడిట్ వాళ్లు వచ్చి లెక్కపెట్టుకున్నారు, 30కి 30 ఉన్నాయి, టిక్కు పెట్టి వెళ్లిపోయారు. కొటేషన్లు మూడు, బిల్లు సక్రమం, ఎవడూ పైసా తినలేదు. లంచం ఉండి ఉంటే కనీసం దొంగ దొరికాడన్న తృప్తి అయినా మిగిలేది. అందరం నియమం ప్రకారమే నడిచాం, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

#4 | సందేహం_నాదే

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, చిన్న డౌటు. మిగిలిన డబ్బుని వచ్చే ఏడాదికి వాడుకోనిస్తే ఈ గోల ఉండదు కదా?

#5 | గళ్లనుడికట్టు

మీది చిన్న డౌటు కాదు, మంచి డౌటు. అమెరికా కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల మీద లీబ్‌మన్, మహోనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేశారు. సంవత్సరం ఆఖరి వారంలో ఖర్చు మిగతా వారాల సగటుకి దాదాపు 5 రెట్లు. పైగా ఆ హడావుడిలో మొదలుపెట్టిన కంప్యూటర్ ప్రాజెక్టుల నాణ్యత కూడా తక్కువే. న్యాయశాఖకి మాత్రం ఆ రకం కొనుగోళ్లలో మిగిలిన డబ్బుని తర్వాతి ఏడాదికి దాచుకునే వెసులుబాటు ఉంది, అక్కడ ఈ ఆఖరి వారం జాతర కనిపించలేదు. పాతగుమస్తా గారి కుర్చీలు ఒక్క ఆఫీసు జబ్బు కాదన్నమాట.

#6 | నిలువుటద్దం

కుర్చీల కథ బాగుంది, నవ్వొచ్చింది. ఇప్పుడు నాది వినండి.

మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రభుత్వ ఆసుపత్రిలోనే. ఒక ఏడాది పొదుపు చర్యలని సర్క్యులర్ వచ్చింది, అన్ని శాఖల్లోనూ ఒకే శాతం కోత. డాక్టర్ల జీతాలు కోయలేరు, నర్సుల్ని తీసేస్తే సమ్మె, మందులు ఆపితే పేపర్లో పడుతుంది. ఏది కోశారు? యంత్రాల మెయింటెనెన్స్ కాంట్రాక్టు. నాలుగు నెలలు తిరక్కుండా ఆరు యంత్రాల్లో రెండు మూలపడ్డాయి. ఒకదాని మీద తెల్లకాగితం అంటించి స్కెచ్‌పెన్నుతో "పనిచేయదు" అని రాశారు, ఆ కాగితం పసుపురంగుకి తిరిగేదాకా అలాగే ఉంది. మా అమ్మ వంతు పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండింటికి మారింది. అర్ధరాత్రి దాటాక నేను కారిడార్లో బెంచీ మీద కునికిపాట్లు పడుతుంటే ఆవిడ లోపల సూదులతో. ఈ పొదుపు వల్ల ఎంత మిగిలిందో ఎవరి పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

ఆదాయవ్యయం గారూ, మీరు గీత గీయమంటారు. గీత గీసేది ఒకరు, కోత కోసేది ఇంకొకరు. కోసేవాడు ఎప్పుడూ అరవలేనిదాన్నే కోస్తాడు. యంత్రం అరవదు, పైపు అరవదు, వంతెన కూలేదాకా అరవదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 2012లో పన్నులు భారీగా కోసి అభివృద్ధి పరుగులు పెడుతుందన్నారు, ఖజానా ఖాళీ అయి రోడ్ల డబ్బు మళ్లించి, బడుల నిధుల మీద కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 2017లో గవర్నర్ వీటోని కూడా కాదని అక్కడి చట్టసభే వెనక్కి తీసుకుంది. ఆ సభలో మెజారిటీ కూడా ఆయన పార్టీదే.

#7 | ఆదాయవ్యయం

అమ్మగారి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడు ఎలా ఉన్నారు?

కాన్సస్ మీద మీతో గొడవ లేదు, నేను మొదటి టపాలో అన్నదే అది. ఖర్చు ముట్టుకోకుండా పన్ను కోశారు, తగలబడింది. 2022 సెప్టెంబరులో బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం చేసింది కూడా ఇదే, సుమారు 45 బిలియన్ పౌండ్ల పన్ను కోత ప్రకటించి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారో చెప్పలేదు. అయిదు రోజులు తిరక్కుండా ప్రభుత్వ అప్పు పత్రాల (బాండ్ల) మార్కెట్‌ని ఆదుకోవడానికి అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగాల్సి వచ్చింది, ఆవిడ పదవి 50 రోజులు కూడా నిలవలేదు. అప్పిచ్చేవాళ్లకి పన్ను ఎంతన్నది అనవసరం, ఖర్చుకీ రాబడికీ పొత్తు కుదురుతుందా లేదా అన్నదే చూస్తారు.

కానీ ఒక్క మాట. మీ ఆసుపత్రిలో యంత్రం ఆగిన రోజున ప్రభుత్వం దగ్గర డబ్బు లేదా? ఉంది. ఇంకెక్కడో 30 కుర్చీలు కొనడానికి ఉంది. ఎవరి నోటికాడ కూడు తీయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గట్టిగా పట్టుకున్నవాడిది మిగులుతుంది. దీనికి మాన్సర్ ఓల్సన్ అనే ఆర్థికవేత్త 1965లోనే కారణం చెప్పాడు. ఒక సబ్సిడీ వల్ల వెయ్యిమందికి బోలెడు లాభం, కోటిమందికి తలా పిసరంత నష్టం అనుకోండి. ఆ వెయ్యిమంది సంఘం పెట్టుకుని, లాయర్ని పెట్టుకుని, రోజూ గుమ్మం దగ్గర ఉంటారు. కోటిమందిలో ఒక్కడు కూడా పిసరంత కోసం పనిమానుకుని రాడు. ఇలాంటివి వంద సబ్సిడీలు పోగైతే ఆ పిసర్లే కొండవుతాయి. పై గీత లేనంతకాలం ప్రతి మంత్రీ "నాకూ ఇవ్వండి" అంటాడు. గీత ఉంటే "వాడిది తీసి నాకివ్వండి" అనాలి, అప్పుడు కనీసం వాళ్లలో వాళ్లు లెక్కలు అడుగుతారు. మీ అమ్మగారి యంత్రం గెలిచే అవకాశం ఆ గొడవలోనే ఉంది.

#8 | చివరిబెంచీ

మంత్రులు వాళ్లలో వాళ్లు లెక్కలు అడుగుతారట. భలే ఆశండీ మీది.

#9 | గళ్లనుడికట్టు

ఖర్చు గురించే మాట్లాడుతున్నారు, పన్ను వల్ల కలిగే నష్టం కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వానికి చేరిన డబ్బొక్కటే కాదు నష్టం, ఎవరికీ చేరకుండా పోయేది ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీల పన్ను ఉండేది. ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత. ఏం చేశారు జనం? ఇటుకలతో మూసేశారు, ఇప్పటికీ పాత ఇళ్ల గోడల్లో కిటికీ ఆకారంలో ఇటుకల గుర్తులు కనిపిస్తాయి. మూసిన కిటికీ మీద సర్కారుకి పైసా రాలేదు, ఇంట్లోవాళ్లకి వెలుతురూ గాలీ పోయాయి. అటూ లేదు ఇటూ లేదు. ప్రతి పన్ను వెనకాల ఇలా మూసేసిన కిటికీలు కొన్ని ఉంటాయి, పెట్టని దుకాణం, చేయని ఓవర్‌టైమ్, కుదరని బేరం. అవి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడవు.

ఇంకో చిక్కు, ఇది పన్నుతో సమానంగా పెరగదు. రేటు రెట్టింపైతే ఈ నష్టం సుమారు నాలుగింతలవుతుంది. చిన్న పన్ను వల్ల అటూఇటూగా ఉన్న బేరాలే పోతాయి, పెద్ద పన్ను వల్ల నిజంగా లాభమున్న బేరాలు కూడా పోతాయి. అందుకే తక్కువ రేటు, ఎక్కువమంది మీద, మినహాయింపులు లేకుండా అన్న సూత్రం. పది చిల్లులున్న 40 శాతం కంటే చిల్లులేని 20 శాతం మేలు.

#10 | సందేహం_నాదే

పన్ను తగ్గిస్తే ప్రభుత్వ ఆదాయం పెరుగుతుందని కూడా అంటారు కదా, లాఫర్ గీతో ఏదో. అది నిజమైతే ఇంత చర్చ ఎందుకు, తగ్గించేస్తే పోలా?

#11 | గళ్లనుడికట్టు

అది సగం నిజం. సున్నా శాతం పన్నుకి సున్నా రాబడి, 100 శాతం పన్నుకి కూడా ఇంచుమించు సున్నాయే, ఎందుకంటే ఎవడూ పనిచేయడు. మధ్యలో ఎక్కడో శిఖరం ఉంటుంది. శిఖరం దాటి అవతలి వైపు ఉంటే తగ్గించినప్పుడు రాబడి పెరుగుతుంది. ఇవతలి వైపు ఉంటే తగ్గించినంతా గోవిందా. చాలా దేశాలు చాలా పన్నుల్లో ఇవతలి వైపే ఉన్నాయి, అందుకే ఊరికే వస్తుందన్న మాట నమ్మొద్దు.

అవతలి వైపు ఎలా ఉంటుందో చూడాలంటే 1976 స్వీడన్. పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌కి తన అదనపు సంపాదన మీద 102 శాతం పన్ను పడుతోందని తేలింది. స్వతంత్రంగా రాసుకునే మనిషి కదా, ఆదాయపు పన్నూ, యజమాని కట్టే చందాలూ రెండూ ఆవిడ నెత్తినే పడ్డాయి. ఇంకో వంద సంపాదిస్తే 102 కట్టాలి. ఆవిడ కోపమొచ్చి దాని మీద ఒక వెటకారపు కథ రాసి పేపర్లో వేయించింది. 40 ఏళ్లకి పైగా అధికారంలో ఉన్న సోషల్ డెమోక్రాట్లు ఆ ఏడాది ఎన్నికల్లో ఓడిపోయారు. ఆవిడ మామూలుగా ఓటేసేది ఆ పార్టీకే, అదీ తమాషా.

#12 | చివరిబెంచీ

నాకు నచ్చేది తాత్కాలిక పన్నుల చరిత్ర. జర్మనీలో 1902లో బుడగలు పొంగే ద్రాక్షసారా మీద పన్ను వేశారు, అక్కడి చక్రవర్తి కైజర్ యుద్ధనౌకలకి డబ్బు కావాలని. కైజర్ పోయాడు, ఆ నౌకల్ని 1919లో సొంత నావికులే ముంచేసుకున్నారు, పన్ను మాత్రం మధ్యలో కొన్నాళ్లు ఎత్తేసి మళ్లీ తెచ్చి ఈ రోజుకీ కట్టిస్తున్నారు. బ్రిటన్ ఆదాయపు పన్ను 1799లో నెపోలియన్ కాలపు యుద్ధాల కోసం వచ్చింది, యుద్ధం అయ్యాక 1816లో తీసేశారు, 1842లో "మూడేళ్లే" అని మళ్లీ తెచ్చారు. ఇప్పటికీ చట్టం ప్రకారం అది ఏటా గడువు తీరిపోయే పన్నే, ఏటా పార్లమెంటు పొడిగిస్తూ ఉంటుంది. అద్దెకి దిగి ఇల్లు సొంతం చేసుకున్న చుట్టంలాగా.

#13 | ఆదాయవ్యయం

పైది నవ్వుకోవడానికే కాదు, పనికొచ్చే పాయింటు. గడువు పెట్టడం తప్పు కాదు, పొడిగించేది ఎవరన్నది ముఖ్యం. స్విట్జర్లాండ్‌లో కేంద్రానికి ఆదాయపు పన్ను, వ్యాట్ వసూలు చేసే అధికారానికి రాజ్యాంగంలోనే గడువుంది. 2018లో జనాన్నే అడిగారు, 84 శాతం మంది సరే అని 2035 దాకా పొడిగించారు. జనం పన్నుకి శత్రువులు కారు, తమని అడగకుండా లాగితేనే మండుతుంది.

నేను అడిగే గీత కూడా వాళ్లదే. 2001లో దాదాపు 85 శాతం మంది ఓటేసి అప్పుకి బ్రేకు పెట్టుకున్నారు, 2003 నుంచి అమలు. లెక్క తేలికే. ఈ ఏడాది ఖర్చు రాబడిని దాటకూడదు, కాకపోతే ఆ రాబడిని అప్పటి వ్యాపార పరిస్థితిని బట్టి సవరిస్తారు. గడ్డు ఏడాదిలో కొంచెం ఎక్కువ పెట్టొచ్చు, మంచి ఏడాదిలో తప్పకుండా మిగల్చాలి. 2005లో 130 బిలియన్ ఫ్రాంకుల దగ్గరున్న కేంద్రం అప్పు 2019కి 100 బిలియన్ల లోపుకి దిగింది. కరోనా రాగానే అసాధారణ ఖర్చు కింద గేట్లు ఎత్తారు, దానికి ఉభయసభల్లో మామూలు కంటే గట్టి మెజారిటీ కావాలి, ఆ ఖర్చు మళ్లీ తీర్చాల్సిందే అని విడిగా ఖాతా కూడా ఉంది. మంచి రోజుల్లో మిగిల్చారు కాబట్టే చెడ్డ రోజున చెయ్యి ఆడింది. అక్కడ ఆసుపత్రులేమీ మూతపడలేదు.

#14 | నిలువుటద్దం

అమ్మ బాగానే ఉంది, అడిగినందుకు థ్యాంక్స్. ఇప్పుడు వేరే చోట చేయిస్తున్నాం, మా చేతి డబ్బుతో. ఖర్చు తగ్గించడమంటే కొన్నిసార్లు ఖర్చుని సర్కారు పుస్తకంలోంచి మా పుస్తకంలోకి రాయడమే, ఇది కూడా మీ లెక్కలో వేసుకోండి.

స్విస్ పద్ధతి విన్నాక కొంచెం మెత్తబడ్డాను, ఒప్పుకుంటాను. కానీ అన్ని గీతలూ అలా ఉండవు. అమెరికాలోనే కొలరాడో రాష్ట్రంలో 1992లో ఒకటి గీశారు, జనాభా, ధరల పెరుగుదల ఎంతో అంతవరకే రాష్ట్ర ఆదాయం పెరగాలి, మిగిలింది వాపసు. వినడానికి బ్రహ్మాండం. 2001 మాంద్యంలో రాబడి పడిపోయింది, తర్వాతి ఏడాది పరిమితిని ఆ పడిపోయిన అంకె నుంచే లెక్కకట్టారు. అంటే మంచి రోజులు వచ్చినా పాత స్థాయికి ఎక్కనివ్వదు. జ్వరంలో తూచిన బరువే నీ బరువు, ఇక అంతకంటే తినకు అన్నట్టు. 2005లో ఆ జనమే ఓటేసి అయిదేళ్లపాటు దాన్ని పక్కన పెట్టారు.

ఇంకొకటి. మీ పక్షం వాళ్లు తరచు సింగపూర్ పేరు చెబుతారు, తక్కువ పన్ను, చిన్న ప్రభుత్వం అని. అక్కడ ఉద్యోగి జీతంలో 20 శాతం, యజమాని ఇంకో 17 శాతం నిర్బంధ పొదుపు ఖాతాలో వేయాలి. దానికి పన్ను అని పేరు లేదు, అంతే తేడా. అక్కడ స్థిరపడ్డవాళ్లలో దాదాపు 80 శాతం ఉండేది ప్రభుత్వ సంస్థ కట్టిన ఇళ్లలోనే.

#15 | ఆదాయవ్యయం

కొలరాడో మీద మీరు రైటు, అది గీతలో తప్పు. సింగపూర్ మీద సగం రైటు. ఆ ఖాతాలోది ఎవరి పేరున వారికే ఉంటుంది, వృద్ధాప్యానికో ఇంటికో వైద్యానికో వాడుకుంటారు, పక్కవాడి కుర్చీలకి పోదు. తన డబ్బు తన మీద ఖర్చు పెట్టుకునేవాడు ధర చూస్తాడు, నాణ్యత చూస్తాడు. ఊరి డబ్బు ఊరి మీద పెట్టేవాడికి రెండూ అక్కర్లేదు. బలవంతం ఉందన్నది మాత్రం కాదనను.

మీ ఆసుపత్రి విషయంలో నేను ఇంతవరకు ఒప్పుకుంటాను: గీతతో పాటు, ఉన్నదాని మరమ్మతు ఖర్చు ముందు పక్కన పెట్టాకే కొత్తదానికి చేయి చాపాలన్న నియమం కూడా ఉండాలి. శాతం చొప్పున అన్నిటినీ నరకడం పొదుపు కాదు, బద్ధకం. అయినా మరమ్మతులకి ముందే డబ్బు ఇచ్చేస్తే మీ యంత్రం ఆగేది కాదు కదా?

#16 | పాతగుమస్తా

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను గానీ ఈ ఆఖరి వాక్యం దగ్గర ఆగలేకపోయాను. మొదట చెప్పని ముక్క ఒకటి ఉంది.

ఆ కుర్చీలు ఫర్నిచర్ హెడ్డులోంచి కొన్నవి కావు. మరమ్మతుల హెడ్డులో మిగిలిన డబ్బుని పై అనుమతితో ఇటు మళ్లించి కొన్నాం. మరమ్మతు చేయించాలంటే ఇంజనీరు వచ్చి చూడాలి, ఎస్టిమేటు వేయాలి, టెండరు పిలవాలి, తక్కువలో తక్కువ మూడు నెలలు. ఆ ఏడాది ఇంజనీరు రెండుసార్లు వస్తానని రాలేదు. కుర్చీలకైతే మూడు కొటేషన్లు, మూడు రోజులు. పది రోజుల గడువులో ఏది అవుతుందో అదే చేశాం. ముందే డబ్బు పక్కన పెట్టారు బాబూ, మా దగ్గర ఉంది, వాడే దారి లేదు.

ఆ మరమ్మతు ఏమిటంటారా, స్టోర్‌రూమ్ పైకప్పు కారుతోందని.

#17 | నిలువుటద్దం

అంటే కుర్చీలు తడిశాయా?

#18 | పాతగుమస్తా

లేదండీ, కవర్లు తీయలేదుగా.